చుట్టాలు దొరకని భాషలు

బి.యస్సీ. చదివేవాడికి భాషల గొడవ ఎందుకని, ఈ సంచికకు వ్యాసం ఇస్తానన్నప్పుడు మిత్రులు అడిగారు. నాకు తోచిన జవాబు ఇది. వృక్షశాస్త్రంలో మేం మూడేళ్ళుగా నేర్చుకుంటున్న ముఖ్యమైన విద్య వర్గీకరణ. ఏ మొక్క ఏ కుటుంబానిది, ఏది దేనికి దగ్గర, ఏది దేనికి దూరం అని తేల్చడం. భాషాశాస్త్రజ్ఞులు చేసేదీ అదే పని. మేం ఆకూ పువ్వూ కాయా చూస్తాం. వాళ్ళు మాటల్నీ ధ్వనుల్నీ చూస్తారు. రెండు చోట్లా చివరికి ఒకే చిక్కు వస్తుంది. ఏ కుటుంబంలోనూ చేరనిది ఒకటి ఎదురైతే దాన్ని ఎక్కడ పెట్టాలి?

ప్రపంచంలో ఏడువేల పైచిలుకు భాషలున్నాయని లెక్క. వాటిలో తెలుగు, తమిళం, కన్నడం వంటివి ద్రావిడ కుటుంబానివి. హిందీ, మరాఠీ, ఇంగ్లీషు, రష్యన్ ఇండో-యూరోపియన్ కుటుంబానివి. కాని కొన్ని భాషలకు ఎంత వెతికినా చుట్టం దొరకలేదు. వాటిని ఏకాకి భాషలంటారు. నేను ఒంటరి భాషలని రాస్తాను, చదవడానికి సుళువుగా ఉంటుంది. లైల్ కాంప్‌బెల్ అనే అమెరికన్ భాషావేత్త లెక్క ప్రకారం ప్రపంచంలో స్వతంత్ర కుటుంబాలు సుమారు 400. వాటిలో మూడోవంతుకు పైగా ఒక్కొక్క భాషతోనే ముగిసే కుటుంబాలు! అంటే ఇది ఎక్కడో ఒక మూల కనిపించే వింత కాదు. భాషల చరిత్రలో మామూలు సంగతే.

పోలిక వేరు, చుట్టరికం వేరు

ముందు చుట్టరికం ఎట్లా రుజువవుతుందో తెలియాలి. అది తెలియకపోతే చుట్టం లేదనే మాటకు అర్థం లేదు.

మా పొలం గట్ల మీద కంచెగా నాగజెముడు ఉంది, కాడజెముడూ ఉంది. రెంటికీ ఆకు కనిపించదు, కాండమే పచ్చగా కండపట్టి ఉంటుంది. నీళ్ళు లేకపోయినా రెండూ చావవు. మా ఊళ్ళో ఎవరినడిగినా అవి అన్నదమ్ములే అంటారు, పేరులోనే జెముడు ఉంది గదా! కాని గిల్లి చూడండి. కాడజెముడు పాలు కారుతుంది (కంట్లో పడకుండా చూసుకోండి). నాగజెముడు కారదు. నాగజెముడు అమెరికా ఖండం నుంచి వచ్చిన కాక్టేసి కుటుంబపు మొక్క. కాడజెముడు యూఫోర్బియేసి, అంటే ఆముదం చెట్టుకు చుట్టం. ఎండను తట్టుకోవడానికి రెండూ విడివిడిగా ఒకే వేషం వేసుకున్నాయి, అంతే.

భాషల్లోనూ ఇట్లాంటి వేషాలు చాలా ఉన్నాయి. వాటిని నాలుగు రకాలుగా విడదీయవచ్చు.

మొదటిది కాకతాళీయం. తెలుగులో ‘నీ’, చైనీసులో ఎదుటి మనిషిని పిలిచే మాట ‘నీ’. చైనీసు మనకు చుట్టమేమీ కాదు. ఇంకా విచిత్రం చూడండి. ఆస్ట్రేలియాలో మ్బాబరమ్ అనే ఆదివాసుల భాషలో కుక్కను ‘డాగ్’ అంటారు! ఇంగ్లీషువాళ్ళు నేర్పిన మాట కాదది. పొరుగు భాషల్లో ‘గుదగ’ అనే మాట ఉంది. అదే ఆ భాషలో అరిగి అరిగి అట్లా మారిందని ఆర్.ఎం.డబ్ల్యు. డిక్సన్ చూపించాడు. ధ్వనులు కొన్నే, మాటలు వేలు. అక్కడక్కడా రెండు మాటలు కలవకపోతేనే ఆశ్చర్యం.

రెండోది పసిపిల్లల మాటలు. స్పెయిన్, ఫ్రాన్సు సరిహద్దుల్లో మాట్లాడే బాస్క్ భాషలో తల్లిని ‘అమ’ అంటారు. తెలుగులో అమ్మ. ఇది చూసి బాస్క్‌లు మన చుట్టాలని సంబరపడనక్కరలేదు. పెదవులు కలిపి విడిచే మకారం పసినోటికి మొదట పట్టుబడే ధ్వనుల్లో ఒకటి. ఆ ధ్వని ఎక్కడైనా తల్లి పేరుగా మారుతుంది.

మూడోది అప్పు. ఇది చాలా పెద్ద మోసం. మన నిఘంటువు తెరిస్తే పుటకు ఎన్ని సంస్కృత పదాలున్నాయో చూడండి. వాటిని లెక్కబెట్టే శతాబ్దాల పాటు తెలుగు సంస్కృతం నుంచి పుట్టిందని పండితులు అన్నారు. తొలినాటి ఇంగ్లీషు పండితులూ అదే అన్నారు.

నాలుగోది నడవడిక. క్రియను వాక్యం చివర పెట్టడం, ప్రత్యయాలు వరుసగా తగిలించడం తెలుగులోనూ ఉన్నాయి, జపనీసులోనూ ఉన్నాయి. ఎన్నో ఇతర భాషల్లోనూ ఉన్నాయి. ఇది జెముళ్ళకు ఆకులు లేకపోవడం వంటిది. కుటుంబాన్ని తేల్చదు.

మరి దేన్ని నమ్మాలి? క్రమాన్ని నమ్మాలి. మాది బళ్ళారి సరిహద్దులో పల్లె. పత్తి అమ్మడానికి పోయినప్పుడల్లా చెవినబడే కన్నడంతోనే ఈ సంగతి చెబుతాను. మన పత్తి వాళ్ళకు హత్తి. పులి హులి. పంది హంది. పాలు హాలు. పేను హేను. పుట్ట హుత్త. మాట మొదట్లో మనకు ‘ప’ ఉన్నచోట వాళ్ళకు ‘హ’ వస్తున్నది. ఒక మాటలో కాదు, వరుసగా వస్తున్నది. పాత కన్నడ శాసనాలు చూస్తే అక్కడా పకారమే ఉంది. తరువాతి కాలంలో అది హకారంగా మారింది.

ఇప్పుడు రెండో వరుస చూడండి. కన్నడంలో కివి, మనకు చెవి. వాళ్ళకు కెరె, మనకు చెరువు. వాళ్ళకు కెడు, మనకు చెడు. వాళ్ళకు కిరు, మనకు చిరు. ఇ, ఎ అచ్చుల ముందు వాళ్ళ ‘క’ మనకు ‘చ’ అయింది. ఈసారి మారింది మనమే.

కివి, చెవి అనే మాటలు చెవికి ఒకటిగా వినిపించాయా లేదా అన్నది ముఖ్యం కాదు. తేడా కూడా ఒక సూత్రం ప్రకారం నడవాలి, అదీ ముఖ్యం. అప్పు తెచ్చుకున్న మాటల్లో ఇంత పాత క్రమం, చెవి, చెరువు వంటి నిత్యవ్యవహారపు మాటల నిండా, ఉండదు. కాకతాళీయంలో అసలే ఉండదు. పల్లెల్లో భూమి తగాదాలు చూసినవాళ్ళకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ముఖం తాతను పోలి ఉందని ఎవరికీ సర్వే నంబరులో వాటా రాదు. వంశవృక్షం రుజువు కావాలి.

తెలుగు విషయంలో ఈ రుజువును మొదట అచ్చులో పెట్టినవాడు మద్రాసు కలెక్టరుగా పనిచేసిన ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్. 1816లో కాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి చేర్చిన పీఠికా భాగంలో ఆయన సంస్కృత ధాతువులనూ తెలుగు ధాతువులనూ పక్కపక్కన పెట్టాడు. తరువాత తెలుగు, కన్నడ, తమిళ ధాతువులను పక్కపక్కన పెట్టాడు. మొదటి పట్టిక కలవలేదు, రెండోది కలిసింది. తెలుగులో తత్సమాలు, తద్భవాలు, దేశ్యాలు అని మన వ్యాకర్తలు చేసిన విభజనను ఆయన వాడుకున్నాడు. బందరు పండితుడు మామిడి వెంకయ్య రాసిన మాటలను ఆధారంగా చూపాడు. అంటే ఈ శోధనలో మనవాళ్ళ చెయ్యి కూడా ఉందన్నమాట. కాల్డ్వెల్ ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం 1856లో వచ్చింది. దానికి నలభై ఏళ్ళ ముందటి సంగతి ఇది.

ఒంటరి భాష అంటే అనాథ కాదు

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ పరీక్షలన్నీ పెట్టి, అప్పు మాటలు ఏరేసి, మిగిలిన సొంత మాటలను తెలిసిన భాషలన్నిటితో పోల్చినా ఏ క్రమమూ దొరకలేదనుకోండి. అప్పుడు ఆ భాషను ఒంటరి భాష అంటారు. అది తల్లి లేకుండా పుట్టిందని దీని అర్థం కాదు. తల్లిదండ్రుల దగ్గర వినకుండా ఏ పిల్లవాడూ మాట నేర్వడు. ఆ తల్లిదండ్రులు వాళ్ళ పెద్దల దగ్గర విన్నారు. ఆ తీగను పట్టుకుని ఎంత వెనక్కి పోయినా తెగదు. తెగిపోయినవి పక్క కొమ్మలు.

మా పాఠాల్లో గింకో అనే చెట్టు ఉంది. దాని జాతిలో, కుటుంబంలో, ఆ పైన గణంలో కూడా ఈనాడు బతికి ఉన్నది అదొక్కటే. కాని శిలాజాలు తవ్వితే దాని చుట్టాలు ఎన్నో కనిపిస్తాయి. గింకో ఒంటరిగా పుట్టలేదు, ఒంటరిగా మిగిలింది. ఒంటరి భాషల కథా ఇదే. అయితే ఒక్క తేడా ఉంది. చెట్టుకు శిలాజం మిగులుతుంది. నోటి మాటకు శిలాజం లేదు. ఎవరో ఒకరు రాసిపెడితే తప్ప మాట్లాడేవాడితోనే పోతుంది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇదే. దానికి రుజువులు ముందుముందు వస్తాయి.

ఇంకొక చిన్న తేడా కూడా గుర్తుంచుకోవాలి. ఒంటరి భాష వేరు, వర్గీకరించని భాష వేరు. అండమాన్ దీవుల దగ్గర ఉత్తర సెంటినెల్ దీవిలో ఉన్నవారి భాషను బయటివారెవరూ నమోదు చేయలేదు. అది వర్గీకరించని భాష. చేతిలో సరుకు లేదు కనుక పోల్చడానికే వీలులేదు. ఒంటరి భాష అనాలంటే సరుకు ఉండాలి, పోల్చి ఉండాలి, కలవక ఉండాలి. ఒకటి రాయని పరీక్ష, రెండోది రాసి తేలని పరీక్ష.

బాస్క్, బురుషస్కి

ఒంటరి భాషల్లో అందరికంటే పేరున్నది బాస్క్. ఏడు లక్షల మందికి పైగా మాట్లాడతారు. చుట్టూ ఉన్న స్పానిష్, ఫ్రెంచి భాషలు లాటిన్ పిల్లలు. బాస్క్ మాత్రం లాటిన్ ఆ నేలకు రాకముందు నుంచీ అక్కడుంది. ఆ భాషలో పుస్తకాన్ని ‘లిబురు’ అంటారు, రాజును ‘ఎర్రెగె’ అంటారు. రెండూ లాటిన్ నుంచి తెచ్చుకున్నవే. ఇట్లాంటి మాటలు కుప్పలుగా ఉన్నాయి. మాటలు లెక్కపెట్టి తీర్పు చెప్పేవాళ్ళయితే బాస్క్ కూడా లాటిన్ బిడ్డేనని చెప్పి ఉందురు. మన తెలుగుకు జరిగింది అదే గదా.

కోల్దో మిచెలెనా (1915-1987) అనే బాస్క్ పండితుడు ఈ అప్పులను ఓపికగా ఏరి, భాష పాత రూపం ఎట్లా ఉండేదో ధ్వని వెంట ధ్వని తేల్చాడు. ఆ పనికి మరో ఆధారం కూడా దొరికింది. రోమన్ల కాలంలో అక్విటేనియాలో చెక్కిన లాటిన్ శాసనాల్లో కొన్ని స్థానికుల పేర్లున్నాయి. వాటిలో ‘నెస్కాటో’ అనే ఆడపేరు ఈనాటి బాస్క్‌లో అమ్మాయి అనే మాట. ‘సిసోన్’ అనే పేరు ఈనాటి ‘గిసోన్’, అంటే మగవాడు. సమాధి రాళ్ళ మీది ఆ కొద్దిపాటి పేర్లే బాస్క్‌కు ఉన్న పాత పత్రాలు.

‘ఎర్రెగె’ అనే మాటలో ఇంకొక తమాషా ఉంది. లాటిన్ మాట రేఫతో మొదలవుతుంది. బాస్క్ వాళ్ళకు మాట మొదట్లో రేఫ పలకదు కనుక ముందొక అచ్చు చేర్చుకున్నారు. తమిళులు రాముణ్ణి ‘ఇరామన్’ అని రాసేదీ ఇందుకే. ఇంత చక్కగా కలిసింది గదా అని బాస్క్‌నూ తమిళాన్నీ ఒక ఇంటివి చేయకూడదు. ఇది పైన చెప్పిన నాలుగో వేషం, నడవడిక.

మనకు కొంచెం దగ్గరలో ఉన్నది బురుషస్కి. కారకోరం కొండల్లో హుంజా, నగర్, యాసిన్ లోయల్లో, అంటే పాకిస్తాన్ అధీనంలోని గిల్గిత్ ప్రాంతంలో మాట్లాడతారు. శ్రీనగర్‌లోనూ చిన్న సమూహం ఉంది. లోరిమర్ అనే ఇంగ్లీషు అధికారి ఆ భాష మీద 1935-38 మధ్య మూడు సంపుటాలు ప్రచురించాడు. మనకు నామవాచకాల్లో మహత్తు, అమహత్తు అని ఉన్నట్టు వాళ్ళకు నాలుగు తరగతులున్నాయి. మగవాళ్ళు, ఆడవాళ్ళు, లెక్కపెట్టదగినవి, లెక్కకు రానివి. ఆపిల్ అనే ఒకే మాట ఒక తరగతిలో వాడితే పండు, ఇంకొక తరగతిలో వాడితే చెట్టు! ఈ భాషకు చుట్టాన్ని వెతుకుతూ కొందరు బాస్క్ దాకా పోయారు. రెండు భాషలూ ఇరవైల లెక్కన లెక్కపెడతాయని చూపారు. ఫ్రెంచివాళ్ళూ ఎనభైని నాలుగు ఇరవైలంటారు. ఇట్లాంటి సాక్ష్యం నిలవదు. ఆ ప్రతిపాదనలేవీ భాషావేత్తల ఆమోదం పొందలేదు.

నిహాలీ: మన పక్కింటి భాష

ఒంటరి భాష కోసం కారకోరం దాకా పోనక్కరలేదు. మహారాష్ట్రలో బుల్ఢాణా జిల్లా జల్గావ్ జామోద్ తాలూకాలో నిహాలీ అనే భాష ఉంది. మాట్లాడేవాళ్ళు సుమారు రెండువేలు. చాలామంది కూలి చేసుకు బతికేవాళ్ళే. గ్రియర్సన్ నాయకత్వంలో జరిగిన భారతీయ భాషా సర్వే నాలుగో సంపుటం (1906) దీన్ని ముండా భాషల వైపు చేర్చింది. కారణం, పక్కనున్న కోర్కూ అనే ముండా భాష మాటలు దీన్నిండా ఉన్నాయి.

ఆ భాషలో రెండు, మూడు, నాలుగు అంకెలు వినండి: ఇరార్, మోథో, నాలో. మన ఇరువురు, మూడు, నాలుగు జ్ఞాపకం రావడం లేదూ? ఈ మూడు అంకెలనే చూస్తే నిహాలీ ద్రావిడ భాష. కాని అయిదు మొదలుకొని అంకెలు ఆర్యభాషలవి. ఒకటికి మాత్రం ‘బిడుం’ అనే మాట వేరే ఉంది. చేతి వేళ్ళు లెక్కపెట్టేలోగా మూడు తావుల సరుకు బయటపడింది! కోర్కూ మాటలు తీసేసి, ద్రావిడ మాటలు తీసేసి, మరాఠీ హిందీ మాటలు తీసేస్తే, దాదాపు నాలుగోవంతు మాటలు ఎక్కడివో తెలియకుండా మిగులుతాయని డచ్చి పండితుడు కైపర్ 1962లో చూపించాడు. వాటిలో శరీరం, ఇల్లూవాకిలి వంటి మూలమైన మాటలున్నాయి. మనిషి మొదట నేర్చి చివరిదాకా విడవని మాటలవి. ఆ నాలుగోవంతే నిహాలీ సొంత ఆస్తి.

కూలికి పోయిన చోట యజమాని భాష మాట్లాడాలి. కొన్నాళ్ళకు అదే ఇంట్లోకి వస్తుంది. తరువాత పిల్లల నోట అదే మొదటి భాష అవుతుంది. ఇందులో ఎవరి బలవంతమూ కనిపించదు. రైతు ఇంట్లో పుట్టినవాడిగా కూలిజనం ఏ భాషలో బేరమాడతారో, ఏ భాషలో తమలో తాము నవ్వుకుంటారో చూస్తూనే ఉన్నాను. ఆ నవ్వుకునే భాషే ముందు పోతుంది. నిహాలీలో ఆ నాలుగోవంతు పోయిన రోజున దాన్ని ముండా భాష అన్నా అడిగేవాడుండడు.

కాగితం మీద మిగిలిన చుట్టాలు

రాసిపెడితే ఏమవుతుందో, పెట్టకపోతే ఏమవుతుందో చూపడానికి సైబీరియాను మించిన ఉదాహరణ లేదు. యెనిసేయి నది తీరంలో కేత్ అనే భాష ఉంది. ఈనాడు మాట్లాడగలిగినవాళ్ళు కొద్దిమంది ముసలివాళ్ళు. చుట్టూ ఉన్న ఏ భాషతోనూ దానికి పొత్తు లేదు. బతికి ఉన్న భాషలను మాత్రమే చూస్తే కేత్ ఒంటరి భాష. కాని పుస్తకాల్లో దాన్ని అట్లా అనరు. యెనిసేయి కుటుంబంలో మిగిలిన చివరి భాష అంటారు. ఎందుకంటే 18వ శతాబ్దంలో రష్యా ప్రభుత్వం పంపిన పరిశోధక యాత్రికులు దారిపొడుగునా ఎదురైన జనాల మాటల పట్టికలు రాసుకుంటూ పోయారు. అరిన్, అస్సాన్, పుంపోకోల్, కోత్ అనే భాషలు ఆ పట్టికల్లో దొరికాయి. ఫిన్లాండు పండితుడు కాస్ట్రెన్ 1840లలో పోయేసరికి కోత్ మాట్లాడేవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టదగినంత మంది మిగిలారు. ఆయన వాళ్ళను కూర్చోబెట్టుకుని వ్యాకరణం రాసుకున్నాడు.

ఆ భాషలన్నీ చచ్చిపోయాయి. కాని ఆ కాగితాలతో కేత్‌ను పోల్చితే ధ్వనులు క్రమంగా కలిశాయి. కాబట్టి కేత్‌కు కుటుంబం ఉంది. ఆ యాత్రికులు చలికి భయపడి మాటలు రాయకపోయి ఉంటే ఈనాడు కేత్ ఒంటరి భాషల జాబితాలో ఉండేది. భాష అదే, మాటలు అవే. మారేది మనకు తెలిసినది మాత్రమే. 2008లో ఎడ్వర్డ్ వజ్డా అనే అమెరికన్ పండితుడు ఇంకొక అడుగు ముందుకేసి, యెనిసేయి భాషలకూ ఉత్తర అమెరికాలోని నాదెనె భాషలకూ చుట్టరికం ఉందని ప్రతిపాదించాడు. సముద్రం అవతల చుట్టాలు! కొందరు ఒప్పుకున్నారు, కొందరు ఒప్పుకోలేదు. చర్చ నడుస్తున్నది.

కాబట్టి ఒంటరి అనేది భాషకు పుట్టుకతో వచ్చిన గుణం కాదు. అది మన రికార్డు పరిస్థితి. జపనీసును చూడండి. ఒకప్పుడు దాన్ని ఒంటరి భాష అనేవారు. ఒకినావా వైపు ర్యూక్యూ దీవుల్లో మాట్లాడేవాటిని జపనీసు యాసలనుకున్నంత కాలం అది ఒంటరే. అవి ఒకదానికొకటి అర్థం కానంత వేరైన భాషలని ఒప్పుకోగానే జపనీసుకు కుటుంబం ఏర్పడింది. వాళ్ళ వేపు చూసే చూపు మారింది, అంతే.

మన ఇంటి సంగతి

ఇదంతా పరాయివాళ్ళ సంగతి అనుకోకండి. తెలుగుకు చుట్టాలున్నాయి, నిజమే. ఆదిలాబాదు అడవుల్లో గోండి, కొలామి ఉన్నాయి, విశాఖ కొండల్లో కువి, కొండ భాషలున్నాయి, ఎక్కడో బలూచిస్తాన్‌లో బ్రాహుయీ ఉంది. ఇరవైకి పైగా భాషలు, ఇరవై కోట్లకు పైగా జనం. కాని ఈ మొత్తం ద్రావిడ కుటుంబాన్ని ఒక్క ఇల్లుగా తీసుకుని, ఈ ఇంటికి పొరుగు చుట్టం ఎవరని అడగండి. రుజువైన జవాబు లేదు. ప్రాచీన ఇరాన్‌లోని ఎలామైట్ భాషతో చుట్టరికం కలుపుతూ డేవిడ్ మెకాల్పిన్ 1981లో పుస్తకం ప్రచురించాడు. ఆధారాలు చాలవని చాలామంది భాషావేత్తలు అన్నారు. ఆ ఎలామైట్ కూడా ఒంటరి భాషే. మన ఇల్లు పెద్దదే, కాని అదీ ఒంటరి ఇల్లే.

ఇట్లా అంటే కొందరికి చిన్నతనంగా ఉంటుంది. ప్రపంచ భాషలన్నిటికీ మన భాషే తల్లి అని పండగ సభల్లో వింటుంటాం. ఇంగ్లీషు మాటలు పది, తెలుగు మాటలు పది పక్కపక్కన పెట్టి చప్పట్లు కొట్టించుకుంటారు. అవన్నీ జెముళ్ళ పోలికలు. ఎల్లిస్ పట్టికతో వీటికి తేడా ఒక్కటే. ఆయన కలవని పట్టికను కూడా అచ్చు వేశాడు. తెలియని దాన్ని తెలియదని రాయడం శాస్త్రంలో ఓటమి కాదు. మా ప్రయోగశాలలో ఫలితం రాకపోతే రాలేదని రికార్డులో రాయమంటారు. ఆ ఖాళీ గడి చూసే తరువాతివాడు వెతుకుతాడు. దాన్ని దొంగలెక్కతో నింపితే వెతకడం ఆగిపోతుంది. నేపాల్‌లోని కుసుందా భాషకు జరిగింది అదే. దాన్ని చాలాకాలం టిబెటో-బర్మన్ గడిలో పెట్టి ఊరుకున్నారు. తరువాత అది చచ్చిపోయిందనుకున్నారు. 2004లో మాట్లాడగలిగినవాళ్ళు ముగ్గురు దొరికితే డేవిడ్ వాటర్స్ వాళ్ళ దగ్గర కూర్చుని వ్యాకరణం రాశాడు. అప్పుడు తేలింది, అది టిబెటో-బర్మన్ కాదు, ఏ భాషకూ చుట్టం కాదు. ఆ ముగ్గురిలో ఒకరైన జ్ఞానీ మైయా సేన్ 2020లో చనిపోయారు. ఇరవై ఏళ్ళు ఆలస్యమై ఉంటే ఆ తప్పు లేబులే శాశ్వతంగా ఉండిపోయేది.

చేయదగిన పని

ఇట్లాంటి పని విదేశీయులే చేయాలని లేదు. గిడుగు రామమూర్తి పంతులుగారు వాడుక భాష కోసం పోరాడారని మనకందరికీ తెలుసు. పర్లాకిమిడిలో ఉంటూ ఆయన సవర భాష నేర్చి, 1931లో ఆ భాషకు వ్యాకరణ గ్రంథం, 1938లో నిఘంటువు ప్రచురించిన సంగతి తక్కువమందికి తెలుసు. సవర తెలుగుకు చుట్టం కాదు, ముండా భాష. అయినా ఆయన రాశారు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు అరకు కొండల్లో తిరిగి కొండ భాషకు వ్యాకరణం రాసి 1969లో ప్రచురించారు. అంతకు ముందు 1962లో ఆయన సంపాదకత్వంలోనే రైతుల పనిముట్ల పేర్లూ సేద్యపు మాటలూ జిల్లాల వారీగా పోగుచేసి మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం తెచ్చారు.

ఆ సంపుటం మన లైబ్రరీలో తిరగేస్తే మా ఇంటి మాటలు చాలా కనిపించాయి. కపిల తోలిన మా తాతకు మోకుకూ తొండానికీ గిలకకూ ఒక్కొక్క భాగానికి ఒక్కొక్క పేరు వచ్చు. మా నాయనకు సగం వచ్చు. నాకు మోటారు స్విచ్చు వచ్చు. తెలుగు చచ్చిపోతుందని నేను భయపెట్టడం లేదు, కోట్లమంది మాట్లాడే భాష అది. కాని నిహాలీలో నాలుగోవంతు ఎట్లా కరిగిపోతున్నదో, మన మాటల్లో ఒక మూల అట్లాగే కరుగుతున్నది. మోటారు వచ్చినందుకు బాధ లేదు. మాట రాసిపెట్టకుండా పోతేనే నష్టం.

ఈ సంచిక చదివే మిత్రుల్లో కొండప్రాంతాల నుంచి వచ్చినవాళ్ళున్నారు. ఇంట్లో గోండి, కువి, సవర మాట్లాడేవాళ్ళుండవచ్చు. హాస్టల్లో ఆ మాట చెప్పుకోవడానికి సంకోచించేవాళ్ళూ ఉండవచ్చు. వాళ్ళకు నా మనవి: సెలవులకు పోయినప్పుడు ఒక నూరు పేజీల నోటుబుక్కు తీసుకుపోండి. శరీర భాగాలు, చుట్టరికాలు, అంకెలు, చెట్లు, పురుగులు, వానల పేర్లు ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ళనడిగి రాయండి. ఏ ఊరు, ఏ తేదీ, చెప్పినవాళ్ళ వయసెంత అన్నది మరిచిపోకండి. విన్నది విన్నట్టు రాయండి, దిద్దకండి. ఆ మాటలు దేనికి చుట్టాలో తేల్చేవాడు యాభై ఏళ్ళ తరువాత రావచ్చు. అప్పటికి చెప్పే మనిషి ఉండదు, నోటుబుక్కు ఉంటుంది. వచ్చే సెలవుల్లో మా ఊరి కపిల మాటలు నేను రాయబోతున్నాను.